చైనూ, షాఫ్టూ, మా బావా

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడే మా అమ్మాయి గుంటూరు నుంచి ఫోన్ చేసి, "నాన్నా, చైన్ బండి తీసుకోనా, బెల్టు బండి తీసుకోనా?" అని అడిగింది. అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు తను. ఉండే గదికీ ఆసుపత్రికీ మధ్య పదకొండు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ షేర్ ఆటోల్లో మోకాళ్ళు ముడుచుకుని తిరిగీ తిరిగీ విసిగిపోయి, కరెంటు మోటార్‌సైకిల్ కొనుక్కుందామని తేల్చుకుంది. రెండు నచ్చాయట. ఒకదాని వెనక చక్రాన్ని తిప్పేది చైను, రెండోదాన్ని తిప్పేది బెల్టు. "షోరూం అతను బెల్టే తీసుకోమంటున్నాడు నాన్నా. చప్పుడుండదట, నూనె వేయక్కర్లేదట, బట్టలకి మరకలంటవట. నువ్వు ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పావు కదా, ఏది మంచిదో చెప్పు" అంది. నిమిషంలో చెప్పాల్సిన సమాధానం. "సాయంత్రం చెబుతాలే అమ్మా" అని పెట్టేశాను. లేచి వరండాలోకి వెళ్ళాను, వచ్చాను. ఫ్యాను వేశాను, ఆపాను. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకొచ్చానో గుర్తురాక తిరిగొచ్చాను. ఎదురింటాయన అరుగు మీంచి, "ఏం సారూ, ఏమన్నా పారేసుకున్నారా?" అని అరిచాడు. "లేదండీ, అరగట్లేదు" అన్నాను. మజ్జిగ గ్లాసు తాగకుండానే బల్లమీద ఉంది.

మా బావ గురించి చెబితే తప్ప ఈ చైన్ల సంగతి అర్థం కాదు. బావంటే మా ఆవిడకి స్వయానా అన్న. నాకంటే ఆర్నెల్లు పెద్ద. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అంటాడు. అతను పాస్టరు. రంగుటద్దాల కిటికీలూ పెద్ద గంటా ఉన్న చర్చి పాస్టరు కాదు. పర్చూరు చుట్టుపక్కల పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య విసిరేసినట్టుండే పాలేల్లో ఏడు చిన్న చర్చిలు అతనివి. కొన్నిటికి గోడలున్నాయి, కొన్నిటికి రేకులు మాత్రమే ఉన్నాయి. ఆదివారం పొద్దున మొదలుపెడితే మూడు చోట్ల ఆరాధన, మిగతా నాలుగింటికీ వారం మధ్యలో తలా ఒక సాయంత్రం. ఏడేమిటి, పద్నాలుగున్నా తిరిగేవాడే. కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. భోజనానికి పిలిస్తే వంటింటి గుమ్మంలో నిలబడే సగం తినేసేవాడు. కుర్చీ వేస్తే దాని అంచుమీద, బస్సొస్తే లేచిపోయేవాడిలా కూర్చునేవాడు. "మా అన్నయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నా కాలు మాత్రం కిక్కు మీదే ఉంటుంది" అని మా ఆవిడ నవ్వేది.

ఆ కిక్కు ఉన్న బండి పద్దెనిమిదేళ్ళది. ఊళ్ళో పాలవాళ్ళ దగ్గర, ఎరువుల కొట్ల దగ్గర కనిపించే మామూలు బండే. శనివారం సాయంత్రమైతే చాలు, దాన్ని పెరట్లో స్టాండేసి, చైన్ కవరు విప్పి, పాత టూత్‌బ్రష్షు కిరసనాయిల్లో ముంచి ఒక్కొక్క లింకూ తోమేవాడు. తర్వాత చిరిగిన లుంగీ ముక్కతో తుడిచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ నూనె చుక్కలు వేసేవాడు. చివర్లో చైనుని కింది నుంచి రెండు వేళ్ళతో ఎత్తి చూసేవాడు. రెండు వేళ్ళ మందం వదులుండాలి. ఎక్కువైతే పళ్ళ మీంచి జారుతుంది, తక్కువైతే బిగుసుకుపోయి తెగుతుంది. నేను పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ, "నీ సంఘస్తుల మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టవేమో బావా" అని ఏడిపించేవాణ్ణి. "వాళ్ళు అరిగితే వాళ్ళే వచ్చి చెబుతారు" అనేవాడు తల ఎత్తకుండానే.

ఇది మా ఆవిడ ఉన్న రోజుల మాట. తర్వాత మా ఆవిడ పోయింది. కడుపులో పుండనుకున్నది పుండు కాదని తెలిసేసరికి చేయి దాటిపోయింది. తెలిశాక మూడు నెలలుంది. అంతకంటే దాని గురించి ఇక్కడ చెప్పను.

ఆమె పోయాక వచ్చిన వేసవిలో నేను ఇంట్లో ఉండలేకపోయాను. కాలేజీకి సెలవులు. అమ్మాయి అప్పటికి నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంది. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా పక్కగదిలో ఏదో పని మిగిలిపోయినట్టుండేది, వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి, ఏ బస్సు ముందు కదిలితే అందులో ఎక్కేసేవాణ్ణి. బాపట్ల వెళ్ళి టీ తాగి వచ్చేవాణ్ణి. ఒంగోలు వెళ్ళి బస్టాండు దాటకుండానే తిరుగు బస్సెక్కేవాణ్ణి. ఒకరోజు అమరావతి వెళ్ళి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద పది నిమిషాలు కూర్చుని, ఆ పది నిమిషాలే భరించలేక లేచిపోయాను. తిరిగి వస్తుంటే తుళ్ళూరు దగ్గర బస్సు చెడిపోయింది. రాజధాని పనులు ఆగిపోయిన రోజులవి. సగం లేచిన స్తంభాలకి తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఎవరో "మాస్టారూ!" అని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పదిహేనేళ్ళ కిందటి నా విద్యార్థి. భూమి రాజధానికి ఇచ్చేశాడు, చేలో పనిలేదు. భూముల ధరలు హుషారుగా ఉన్న రోజుల్లో హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక పెద్ద విదేశీ మోటార్‌సైకిల్ కొన్నాడు. ఇప్పుడది వాళ్ళ పశువుల కొట్టంలో టార్పాలిన్ కప్పుకుని పడుంది. తీసి చూపించాడు. దున్నపోతంత ఉంది. వెనక చక్రం దగ్గర వంగి చూస్తే చైను లేదు. చైను ఉండాల్సిన చోట చేతిమందం గొట్టం ఉంది.

"దీనికి షాఫ్టు సార్. లారీ కింద తిరిగే రాడ్డులాంటిది, ఆ గొట్టంలోనే తిరుగుతుంది. నూనె మరకలుండవు, బిగించడాలుండవు. మనం ఏమీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

ఏమీ చూసుకోనక్కర్లేదు. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో గానీ, వారం తిరక్కుండానే ఆ బండి మా ఇంటి ముందుంది.

ఆ శనివారం దాన్నేసుకుని బావ పెరట్లోకి వెళ్ళాను. అతను బ్రష్షు పట్టుకునే లేచొచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదేంటి బావా, ఎవరిదిది?" అన్నాడు. నాదేనన్నాను. అక్కణ్ణుంచి మొదలైంది మా గొడవ. వేసవంతా, వానలు పడ్డాకా, ప్రతి శనివారం అదే. నేను బోర్డు ముందు నిలబడ్డట్టు చెప్పేవాణ్ణి: ఇంజను తిప్పిన తిప్పు మూసిన గొట్టంలో, నూనెలో మునిగిన గేర్ల మీదుగా చక్రానికి చేరుతుంది, దుమ్మూ బురదా తగిలే దారే లేదు అని. అతను వినేవాడు. "మరి ఇంజను పొడుగ్గా తిప్పింది చక్రం దగ్గరకొచ్చేసరికి అడ్డంగా తిరగాలి కదా, ఆ మలుపులో కొంత బలం పోదా?" అని అడిగేవాడు. పోతుంది. శుభ్రంగా ఉన్న చైను అంతకంటే తక్కువ పోగొడుతుంది. ఆ నిజం నాకు తెలుసు, ఒప్పుకునేవాణ్ణి కాదు. "అయినా ఏంటి బావా, రేజ్ చేస్తే వెనకవైపు గొడ్డు లేచినట్టు లేస్తుంది?" అనేవాడు. అదీ నిజమే, షాఫ్టు బండ్ల స్వభావం అది. చిలకలూరిపేట రోడ్డులో బళ్ళు బాగుచేసే భాయ్ దగ్గరికి ఇద్దరం పంచాయితీకి వెళ్ళాం. ఆయన రెండు బళ్ళనీ చూసి, చేతులు తుడుచుకుని, "చైను చెడేముందు చప్పుడు చేసి చెబుతుంది సార్. షాఫ్టు తొందరగా చెడదు. చెడిందా, ఇక్కడ బాగుపడదు" అన్నాడు. మరి బెల్టో అని అడిగితే, "కారం మిల్లులో చూడట్లేదా? మెత్తగా, చక్కగా తిరుగుతుంది. ఒక చిన్న రాయి పడితే పళ్ళు కోసుకుపోతాయి, తెగాక అతుకు వేయలేం" అన్నాడు. తీర్పు ఎవరి పక్షమో తేలక, దారంతా మళ్ళీ వాదించుకుంటూ వచ్చాం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అన్ని శనివారాల్లో మేమిద్దరం మా ఆవిడ ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అతనికి చెల్లెలు, నాకు భార్య. మాట అటు మళ్ళబోతే ఇద్దరిలో ఎవరో ఒకరం బండి దగ్గరికి నడిచేవాళ్ళం.

ఆ ఏడు పత్తి తీతల వేళకి తుఫాను పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసి, నాలుగో రోజు పొద్దున తెరిపిచ్చింది. కాలేజీకి సెలవు. బావ ఒక పాలెంలో ఎవరికో జ్వరంగా ఉందని బయల్దేరుతుంటే, "నల్లరేగడిలో నీ బండి దిగబడితే లాగడానికి నేనూ వస్తా" అని నా బండి తీశాను. తారు రోడ్డు దిగాక పాలేనికి నాలుగు కిలోమీటర్లు మట్టిబాట. వాన పడ్డ రేగడి గురించి ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెప్పు పెడితే చెప్పుని అడుగుతుంది, కాలు పెడితే కాలుని అడుగుతుంది. బావ ప్రతి ఫర్లాంగుకీ ఆగి, మడ్‌గార్డులో కూరుకున్న మట్టిని పుల్లతో పొడిచి తీసుకుంటూ పోతున్నాడు. నా బండి దాని బరువుకి అదే దారి చేసుకుంటూ పోయింది. పాలెం చేరేముందు మాత్రం వెనకనుంచి ఖాళీ పిండిమర తిరిగినట్టు ఒక గరగర వినిపించింది. బురద తగిలి ఉంటుందిలే అనుకున్నాను.

జ్వరం మనిషిని చూసి బయటికొస్తుండగా ఇద్దరు ఆడకూలీలు చేలోంచి పరిగెత్తుకుంటూ వచ్చారు. తడిసిన పత్తి పాడవకముందే తీయాలని పొద్దున్నే చేలో దిగిన ఒక పెద్దమ్మని పాము కరిచింది. అరవై ఏళ్ళుంటాయి ఆమెకి. బావ సంఘంలో మనిషే. గట్టుమీద కూర్చోబెట్టారు. పాదం అప్పటికే నిగనిగలాడుతూ వాచింది. "రక్తపింజర అయ్యగారూ. నా కళ్ళతో చూశాను" అంది మా బావతో, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఎవరో కట్టు కట్టబోతే బావ ఆపాడు. కాలు కదపొద్దన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, తారు రోడ్డు దాకా వస్తాం, ఈ మట్టిలోకి బండి దిగదు అన్నారు. పాలెంలో ఉన్న ఒక్క ట్రాక్టరూ ఆ పొద్దున పర్చూరు వెళ్ళింది. దాన్ని నడిపేది ఆమె కొడుకే. అతనికీ ఫోన్ చేశారు.

"నా బండి మీద ఎక్కించండి. బలమైంది, సీటు వెడల్పు" అన్నాను. ఎక్కించారు. బావ వెనక కూర్చుని ఆమెని పట్టుకున్నాడు. యాభై గజాలు పోయామో లేదో, వెనక చక్రం దగ్గర పెద్ద చప్పుడైంది. చక్రం బిగుసుకుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. బావ దిగి వంగి చూశాడు. గేర్ల డబ్బా దగ్గర చక్రం మీదంతా నూనె చారలు, ఎండిన పాతవీ, కొత్తవీ. ఎన్నాళ్ళుగానో కారుతోంది.

"ఇందులో ఆయిలు ఎప్పుడు చూశావు బావా?"

నేను చూడలేదు. కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. అతను పాలెంలోకి పరిగెత్తి తన బండి తెచ్చాడు. అతను నడపడం, మధ్యలో పెద్దమ్మ, వెనక నేను. ఆ చిన్న బండి మా ముగ్గురినీ మోస్తూ, మూలుగుతూ కదిలింది. పెద్దమ్మ తల బావ వీపు మీద వాల్చి ఏదో పాట గొణుగుతోంది. మధ్యలో ఆపేస్తే బావ "పాడమ్మా, పాడు, ఆపకు" అని అరుస్తున్నాడు. రెండు కిలోమీటర్లు వచ్చాం. అప్పుడు కాళ్ళ దగ్గర టప్పున ఏదో తెగింది. బండి ఆగిపోయింది. వెనక్కి చూస్తే చైను బురదలో పాములా పడి ఉంది.

దించి గట్టు మీద కూర్చోబెట్టాం. ఆమె చిగుళ్ళ నుంచి కొంచెం రక్తం కనిపించింది. బావ మొహం చూశాను, పాలిపోయింది. అతను ఆమెని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కాలు కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, "సీటు కింద సంచిలో కొత్త లింకుంది బావా. పాతది ఊడిపోయి ఉంటుంది. వెయ్యి" అన్నాడు.

"నాకు రాదు బావా. నువ్వు రా, నేను పట్టుకుంటా."

పెద్దమ్మ అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "అయ్యగారూ, పోబాకండి" అంది.

"ఎన్ని శనివారాలు చూశావు నువ్వు? చూసింది చాలు, వెయ్యి!" అని అరిచాడు మా బావ. ముప్పై ఏళ్ళలో అతను నామీద అరవడం అదే మొదలు.

చైను తెచ్చి పక్క కాలవలో కడిగాను. రెండు కొసలూ గాల్లో కలపబోతే జారిపోతున్నాయి. "గాల్లో కాదు! వెనక చక్రం పళ్ళ మీద పెట్టి కలుపు, అవే పట్టుకుంటాయి" అన్నాడు అక్కణ్ణుంచే. పెట్టాను. పట్టుకున్నాయి. లింకు దూర్చాను, పై రేకు పెట్టాను. ఇక దానిమీద గోరంత క్లిప్పు ఎక్కించాలి, అది ఎక్కకపోతే రేకు ఊడిపోతుంది. దాన్ని నొక్కుతుంటే చిటుక్కున ఎగిరి బురదలో పడింది. మోకాళ్ళ మీద వెతికాను. రేగడి మింగింది తిరిగివ్వదు. బావ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడా పెద్దమ్మ, మగత కళ్ళు కొద్దిగా తెరిచి, చేయి పైకెత్తింది. గాజులకి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. "తీసుకో సారూ. ఏదో ఒక దానికి పనికొస్తాయనే కదా పెట్టుకునేది" అంది. ఒకటి తీసి, వంచి, ఆ లింకు గాడిలో చుట్టి, రాయితో మెత్తగా కొట్టి బిగించాను. రెండోది దానిమీద చుట్టాను. ఎక్కాం. బావ బండిని పరిగెత్తించలేదు, నడిపించాడు. ఆ రెండు కిలోమీటర్లూ నా కళ్ళు చైను మీదే ఉన్నాయి. తారు రోడ్డు ఎక్కేసరికి అంబులెన్సు ఉంది, కొడుకూ వచ్చి ఉన్నాడు. తల్లిని చేతుల్లో ఎత్తుకుని లోపల పడుకోబెట్టి తానూ ఎక్కాడు. బండి చీరాల వైపు వెళ్ళిపోయింది.

అప్పుడు బావ రోడ్డు పక్కన, తడి మట్టిలో, నేలమీద కూర్చున్నాడు. అతను అలా చతికిలబడి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆలస్యం కాలేదు కదా బావా?" అన్నాడు.

"లేదు. గంట కూడా కాలేదు."

చాలాసేపు అరచేతుల మట్టి గీక్కుంటూ ఉన్నాడు. తర్వాత, "చెల్లికి ఆలస్యం చేసింది నేనే" అన్నాడు.

అంతకుముందు ఏడు ఈస్టరుకి ముందే మా ఆవిడ తన అన్నతో చెప్పుకుందట, అన్నం సయించట్లేదని, ఒకసారి వాంతిలో రక్తం పడిందని. నేనప్పుడు ఇంటర్ పేపర్లు దిద్దడానికి గుంటూరు తిరుగుతున్నాను. "ఆయనకి చెప్పకు, కంగారుపడతాడు. పేపర్లయ్యాక నేనే చెబుతాను" అని అతనితో మాట తీసుకుందట. పేపర్లయ్యాయి, ఆమె చెప్పలేదు. ఇతనూ చెప్పలేదు. రెండు నెలలు. "పాస్టర్ని కదా బావా. నమ్మి చెప్పిన మాట దాచడమే నా పని అనుకున్నాను. రోజూ ప్రార్థన చేశాను. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు" అన్నాడు.

తిట్టానో లేదో గుర్తులేదు, తిట్టే ఉంటాను. అతన్నక్కడే వదిలేసి, వచ్చిన బస్సు చెయ్యెత్తి ఆపి ఎక్కేశాను. బస్సులో కూర్చున్నాక వేరేది గుర్తుకొచ్చింది. ఆ రెండు నెలలూ ఆమె నా ఎదురుగానే కూర్చుని తిన్నది. గోంగూర పచ్చడి కంచంలో పక్కకి నెట్టేది. "కారమెక్కువైందా?" అని అడిగేవాణ్ణి. "ఊ" అనేది. అయితే ఇటివ్వు అని నా కంచంలో వేసుకుని, పేపర్ల గురించి చెబుతూ తినేసేవాణ్ణి.

నాలుగు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. నా బండిని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి భాయ్ షెడ్డులో పడేశారు. ఆయన గేర్ల డబ్బా విప్పి, విరిగిన పళ్ళు పళ్ళెంలో పోసి చూపించి, "గుక్కెడు నూనె సార్, అంతే కావలసింది" అన్నాడు. కొత్త గేర్ల కోసం ఎక్కడెక్కడో అడిగి, దొరక్క, చివరికి విడిభాగాలుగా ఎవరికో ఇచ్చేశాను. నేను మళ్ళీ బస్సుల్లో పడ్డాను. శనివారం సాయంత్రాలు మాత్రం ఏ బస్సూ ఎక్కబుద్ధయ్యేది కాదు.

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో ఒక పొద్దున తలుపు తీస్తే ఆ పెద్దమ్మ నిలబడి ఉంది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బట్టకట్టింది. పాదంలో కొంచెం కండ పోయింది, కుంటుతోంది. అయినా షేర్ ఆటోలు మారి వచ్చింది. చంకలో ఎండుమిరపకాయల సంచి. కూర్చోమంటే కూర్చుని, మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, సూటిగా మొదలుపెట్టింది. "మీ ఇద్దరికీ ఏమొచ్చింది సారూ? అయ్యగారు వాక్యం చెబుతా చెబుతా మధ్యలో ఆగిపోతన్నాడు. ఏడు పాలేల వాళ్ళం ఆయన మొహంలోకి చూసి కూసుంటన్నాం."

నేను ఖాళీ గ్లాసు తీసుకుని వంటింటి వైపు తిరిగాను.

"ఆరోజు గట్టు మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆయనేమన్నాడో మీరు వినలేదు. మీరు చైను కాడ ఉన్నారు. నాకు సగం తెలివుంది. చెల్లీ, ఈసారి ఆలస్యం చెయ్యను, ఓర్చుకో అంటన్నాడు. నేను ఆయనకంటే పెద్దదాన్ని. నన్ను చెల్లీ అంటాడేంటా అనుకున్నా. తర్వాత తెలిసింది, మీ ఇంటామె సంగతి." సంచి బల్లమీద పెట్టి లేచింది. "పచ్చడికి బాగుంటాయి. ఇద్దరికీ తెచ్చా. సగం మీరే ఇవ్వండి ఆయనకి, నాకు కాలు నొప్పి."

ఆ శనివారం సంచి పట్టుకుని వెళ్ళాను. పెరట్లో బండి స్టాండేసి ఉంది, అతను చైను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చుని బ్రష్షు తీసుకున్నాను. కొంతసేపయ్యాక, "తను తినట్లేదని నాకు కనబడుతూనే ఉంది బావా, నేను అడగలేదు" అన్నాను. అతను చక్రం తిప్పుతూ పోయాడు. నేను తోముతూ పోయాను. అప్పుడేడ్చాం, ముసలివాళ్ళం కాబోతున్న ఇద్దరు మగవాళ్ళం, కిరసనాయిలు వాసన మధ్య, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

మంగళవారం సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. "నీది తారు రోడ్డు, బెల్టే తీసుకో. కానీ వారానికోసారి వంగి చూడు, రాళ్ళేమన్నా ఇరుక్కున్నాయేమో" అన్నాను. "సరే" అంది. "నువ్వెలా ఉన్నావు? అన్నం సయిస్తోందా?" అని అడిగాను. "నేనడిగింది బండి గురించి నాన్నా" అని నవ్వి, ఈమధ్య డ్యూటీల వల్ల సరిగ్గా తినట్లేదని తనే చెప్పింది. ఆ మాటమీద అరగంట మాట్లాడుకున్నాం.

బావకి ఇప్పుడు రెండు మోకాళ్ళూ పాడయ్యాయి. డాక్టరు బండి నడపొద్దన్నాడు. అందుకని రెండేళ్ళుగా ఆదివారాలూ, వారం మధ్య సాయంత్రాలూ నేనే నడుపుతున్నాను, అతను వెనక కూర్చుంటాడు. కూర్చున్నాడన్నమాటే గానీ, గేరు మార్చమని, పక్కకి తొలగమని, భుజం మీద వేళ్ళతో కొడుతూనే ఉంటాడు. ఇద్దరం ఒకచోట కుదురుగా కూర్చోలేని మనుషులమే, ఏడు పాలేల దారి మాకు సరిపోతుంది. ఆ దారిలో అతను తన చెల్లెలి గురించి మాట్లాడతాడు. ఎప్పుడూ నాకు తెలియనివే. ఏడేళ్ళప్పుడు పత్తి నింపే పెద్ద గోనె బోరెంలో దాక్కుని సాయంత్రం దాకా నిద్రపోయిందట. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికి ఎదురు చెప్పి గెలిచిందట. గాలి హోరులో సగం వినబడదు. మళ్ళీ చెప్పమంటాను, మళ్ళీ చెబుతాడు. పెళ్ళినాటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు, ఆ ఇరవై రెండేళ్ళూ ఇప్పుడు వారానికి కొంచెం కొంచెంగా నా దగ్గరికి వస్తున్నాయి. కాలం ముందుకే పోతుందని పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణే నేను, కానీ ఆమెతో నేను గడిపిన కాలం మాత్రం ఇప్పటికీ వెనకవైపుకి పెరుగుతూనే ఉంది.